బేస్ గిటారు స్పీకర్ పెట్టెల్లో పోర్టు మార్పులు

చాలా బేస్ గిటారు స్పీకర్ పెట్టెలకు ముందు పలక మీదో వెనుకో గుండ్రటి రంధ్రాలుంటాయి. కొన్నిటికి అడుగున అడ్డంగా సన్నటి సందు, మరికొన్నిటికి మూలల్లో త్రికోణపు తెరుపులు ఉంటాయి. వీటన్నిటినీ పోర్టులంటారు. చూసేవారికి ఇవి గాలి బయటికి పోవడానికి వదిలిన దారులుగా కనిపిస్తాయి. నిజానికి పోర్టు అనేది పెట్టెలోని గాలితో కలిసి ఒక నిర్ణీత పౌనఃపున్యం దగ్గర అనునాదం పొందేలా కొలత ప్రకారం అమర్చిన భాగం. దాని పొడవు, వైశాల్యం, సంఖ్య, అంచుల ఆకారం మార్చడాన్నీ, దాన్ని కొంతగానో పూర్తిగానో మూసెయ్యడాన్నీ కలిపి పోర్టు మార్పులంటారు.

మంద్ర స్వరాలు మరింత లోతుగా వినిపించాలని, గుమ్మనే మోత తగ్గాలని, పెద్ద శబ్దంలో పోర్టు కొట్టే బుస పోవాలని, కాలిపోయిన స్పీకర్ స్థానంలో వేరే రకం బిగించాక పెట్టెను దానికి సరిపెట్టాలని ఈ పని చేస్తారు. నాలుగిట్లో చివరిదానికే పోర్టు మార్పు ఎక్కువగా పనికొస్తుంది. మిగిలినవాటికి ఎంత ఉపయోగపడేదీ పెట్టె పరిమాణం, స్పీకర్ స్వభావం ముందే నిర్ణయించి ఉంటాయి.

పనిచేసే తీరు

స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుపోతుంది, వెనుకనున్న గాలి పలచబడుతుంది. ముందు తరంగం, వెనుక తరంగం కలిస్తే మంద్ర స్వరాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పెట్టె ఈ రెంటినీ విడదీస్తుంది. పూర్తిగా మూసిన పెట్టెలో వెనుక తరంగం లోపలే ఉండిపోతుంది. పోర్టు ఉన్న పెట్టె ఆ వెనుక శక్తిలో కొంత భాగాన్ని, కొద్ది పౌనఃపున్యాల మేరకు, ముందు తరంగానికి తోడుగా బయటికి పంపుతుంది.

పెట్టెలోని గాలి స్ప్రింగులా, పోర్టు గొట్టంలోని గాలి దానికి కట్టిన బరువులా ప్రవర్తిస్తాయి. ఈ జంట తన సహజ వేగంతో ఊగే పౌనఃపున్యమే పెట్టె ట్యూనింగ్. దీన్ని హెల్మ్‌హోల్ట్జ్ అనునాదం అంటారు. ఘటం వాయించేవారు కుండ మూతిని పొట్టకు ఆనించీ, ఎడం చేసీ లోపలి గాలి నుంచి వచ్చే లోతైన నాదాన్ని మారుస్తారు. అక్కడ పనిచేసేదీ ఈ సూత్రమే: మూతి వైశాల్యం తగ్గితే నాదం కిందికి దిగుతుంది. పెట్టె ఘనపరిమాణం పెరిగినా, గొట్టం పొడవు పెరిగినా ట్యూనింగ్ దిగుతుంది. పోర్టు వైశాల్యం పెరిగితే పైకి లేస్తుంది. ఈ లెక్కలో స్పీకర్ ప్రసక్తే లేదు. స్పీకర్ మార్చినంత మాత్రాన పెట్టె ట్యూనింగ్ చెప్పుకోదగ్గంతగా మారదు. ఆ ట్యూనింగ్ కొత్త స్పీకర్‌కు నప్పుతుందా లేదా అన్నదే మారుతుంది.

ట్యూనింగ్ పౌనఃపున్యం దగ్గర శబ్దంలో ఎక్కువ భాగం పోర్టు నుంచే వస్తుంది, కోన్ కదలిక అతి తక్కువగా ఉంటుంది. అంతకంటే పైన కోన్, పోర్టు కలిసి పనిచేస్తాయి. ట్యూనింగ్ కంటే కిందికి పోతే పెట్టెలోని గాలి స్ప్రింగులా ఎదురునిలవదు. పోర్టు గుండా వచ్చే తరంగం కోన్ తరంగానికి వ్యతిరేక దశలోకి మారుతుంది. అందుకే పోర్టు పెట్టె శబ్దం ట్యూనింగ్ కింద సప్తకానికి 24 డెసిబెళ్ల చొప్పున పడిపోతుంది. మూసిన పెట్టెలో ఆ తగ్గుదల సప్తకానికి 12 డెసిబెళ్లే.

చరిత్ర

అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన ఆల్బర్ట్ థురాస్ 1930లో ఈ తరహా పెట్టెకు పేటెంటు కోరారు. అది 1932లో మంజూరైంది. చాలా ఏళ్లపాటు తయారీదారులు పోర్టు కొలతలను ఎక్కువగా చేసి చూసి, విని సరిదిద్దుకునేవారు. ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో పోర్టు పెట్టెలను విద్యుత్ ఫిల్టర్లతో పోల్చి గణిత పద్ధతి చూపారు. ఆ వ్యాసం 1971లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో మళ్లీ అచ్చయ్యాకే ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో దాన్ని విస్తరించారు. స్పీకర్‌తో వచ్చే వివరాల కాగితంలో కనిపించే ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ వంటి అంకెలను ఈ ఇద్దరి పేర్లతోనే థీల్-స్మాల్ కొలతలంటారు.

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను, మరుసటి ఏడాది దానికోసం 15 అంగుళాల స్పీకర్ ఒకటి పెట్టిన బేస్‌మన్ ఆంప్లిఫయర్‌నూ తెచ్చారు. 1960లో వచ్చిన ఆంపెగ్ బీ-15 పోర్టాఫ్లెక్స్ రిఫ్లెక్స్ అనే పోర్టు తరహా పెట్టెతో స్టూడియోల్లో పేరు తెచ్చుకుంది. అదే సంస్థ 1969లో 300 వాట్ల ఎస్‌వీటీ ఆంప్లిఫయర్‌ను విడుదల చేసినప్పుడు దాని జతకు పోర్టులు లేని దారిని ఎంచుకుంది: 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిదింటిని మూసిన గదుల్లో బిగించింది. రాక్ వేదికల మీద స్థిరపడిన ఆ పెట్టె వారసుడు ఎస్‌వీటీ-810ఈ. కంపెనీ వివరాల ప్రకారమే దాని శబ్దం 58 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెళ్లు, 40 హెర్ట్జ్ దగ్గర 10 డెసిబెళ్లు తగ్గుతుంది. థీల్-స్మాల్ పద్ధతి, ఎక్కువ కదలికను తట్టుకునే స్పీకర్లు వాడుకలోకి వచ్చాక చిన్న పరిమాణంలో పోర్టు పెట్టెలు బేస్ వాద్యకారుల్లో సర్వసాధారణమయ్యాయి.

ఎంత లోతు కావాలి

నాలుగు తీగల బేస్ గిటారులో తీగలు ఈ, ఏ, డీ, జీ స్వరాలకు శ్రుతి అవుతాయి. వాటి పౌనఃపున్యాలు వరుసగా 41.2, 55, 73.4, 98 హెర్ట్జ్. ఐదు తీగల గిటారులో అదనంగా ఉండే బీ తీగ 30.9 హెర్ట్జ్. పెట్టె ట్యూనింగ్ 31 దాకా దిగితే తప్ప బీ తీగ పలకదన్న అభిప్రాయం వాద్యకారుల్లో బలంగా ఉంది. అయితే తీగను మీటినప్పుడు మూల స్వరం ఒక్కటే పుట్టదు, దాని రెట్టింపు, మూడింతల పౌనఃపున్యాలూ పుడతాయి. మంద్ర తీగల మీద చాలాసార్లు మూల స్వరం కంటే రెండో అనుస్వరమే బలంగా ఉంటుంది. అనుస్వరాలు చెవిన పడితే మెదడు మూల స్వరాన్ని తానే గ్రహిస్తుంది. ఎస్‌వీటీ-810ఈ వంటి పెట్టె ‘ఈ’ తీగ మూల స్వరాన్ని బలహీనంగా పలికించినా అర్ధ శతాబ్దంగా బేస్ నాదానికి కొలబద్దగా నిలవడానికి కారణం ఇదే. బేస్ గిటారు పోర్టు పెట్టెలను ఎక్కువగా 40, 60 హెర్ట్జ్ మధ్య ట్యూన్ చేస్తారు.

గుమ్మనే మోత విషయమూ ఇంతే. శ్రోతను విసిగించే ఆ మోత సాధారణంగా 80 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అది హాలు గోడల వల్లో, మూలన పెట్టడం వల్లో, ఆంప్లిఫయర్ మీద బేస్ మీట ఎక్కువ తిప్పడం వల్లో వస్తుంది. పోర్టు ప్రభావం ప్రధానంగా ట్యూనింగ్ చుట్టూ, అంటే ఆ మోత ఉండే ప్రాంతానికి కిందనే ఉంటుంది.

పోర్టుల రకాలు

గుండ్రటి గొట్టపు పోర్టును లెక్కించడం, మార్చడం, తీసి మళ్లీ బిగించడం తేలిక. ప్లాస్టిక్ గొట్టాలతోపాటు గట్టి అట్ట గొట్టాలూ వాడతారు. పెట్టె అడుగు పలకనే ఒక గోడగా చేసుకుని అడ్డంగా కట్టిన సందును షెల్ఫ్ పోర్టు అంటారు. అది పెట్టెకు బలాన్నిస్తుంది గాని ఒకసారి అతికాక మార్చడం కష్టం. పెట్టె గోడలు ఆ సందు లోపలి కొసను దాటి కొనసాగుతాయి కాబట్టి అది కొలిచిన పొడవు కంటే ఎక్కువ పొడవున్నట్టు ప్రవర్తిస్తుంది. మరీ సన్నటి సందులో గోడల రాపిడి వల్ల పోర్టు బలం తగ్గుతుంది. మూలల త్రికోణ పోర్టులు వృథాగా పోయే చోటును వాడుకుంటాయి.

పోర్టు ముందుందా వెనుకుందా అన్నది చాలామంది అనుకునేంత ముఖ్యం కాదు. 41 హెర్ట్జ్ తరంగం నిడివి 8 మీటర్ల పైమాటే. అంత పొడవు తరంగానికి పెట్టె ముందు, వెనుక దాదాపు ఒక్కటే. పోర్టు వెనుక ఉంటే పెట్టెను గోడకు ఆనించకుండా గాలి ఆడేంత ఎడం వదిలితే చాలు.

లెక్క, ఒక ఉదాహరణ

గుండ్రటి పోర్టులకు వాడుకలో ఉన్న మెట్రిక్ సూత్రం ఇది. పోర్టు లోపలి వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని వర్గం చేసి, పోర్టుల సంఖ్యతోనూ 23,562తోనూ గుణించాలి. వచ్చినదాన్ని ట్యూనింగ్ వర్గాన్ని లీటర్లలోని ఘనపరిమాణంతో గుణించగా వచ్చే సంఖ్యతో భాగించాలి. అందులోంచి వ్యాసానికి 0.732 రెట్లు తీసేస్తే సెంటీమీటర్లలో గొట్టం పొడవు వస్తుంది. గొట్టం రెండు కొసల దగ్గర బయటి గాలి కొంత కూడా ఊగుతుంది కాబట్టి చివర్లో ఆ తీసివేత అవసరం.

లోపల 100 లీటర్ల గాలి, 10 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న రెండు గొట్టాలు గల పెట్టెను తీసుకుందాం. దాని ట్యూనింగ్ సుమారు 52 హెర్ట్జ్. రెండిట్లో ఒక గొట్టాన్ని గాలి చొరకుండా మూస్తే అది 37కు దిగుతుంది. రెండూ తెరిచే ఉంచి 42కు దించాలంటే ఒక్కొక్క గొట్టం 19.4 సెంటీమీటర్ల పొడవుండాలి. గొట్టాలు పీకేసి 1.8 సెంటీమీటర్ల మందం పలకలో ఉత్త రంధ్రాలు వదిలేస్తే ట్యూనింగ్ 72కు ఎగబాకుతుంది. గొట్టం ఊడిపోయిన పాత పెట్టె ఉన్నట్టుండి డొల్లగా, ఒకే స్వరం మీద మోగడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది.

లెక్కలో గమనించాల్సింది పెట్టె లోపలి నికర ఘనపరిమాణం. స్పీకర్ వెనుక భాగం, ఊత కర్రలు, గొట్టాలు ఆక్రమించే చోటు తీసెయ్యాలి. లోపల అడ్డు పలకలతో గదులుగా విడగొట్టిన పెట్టె అయితే ఏ గది లెక్క ఆ గదిదే. అలాంటి పెట్టెలో ఒక పోర్టు మూస్తే ఆ గదిలోని స్పీకర్లు ఒక తీరుగా, పక్క గదిలోవి మరో తీరుగా మోగుతాయి.

మార్పుల రకాలు

పోర్టు మూయడం. అన్నిటికంటే తేలికైనది, వెనక్కి తీసుకోగలిగినది. గట్టి రబ్బరు బిరడాతోనో, అంచు చుట్టూ నురుగు పట్టీ అంటించిన చెక్క బిళ్లతోనో మూస్తారు. చుట్టిన తువ్వాలు, స్పాంజి ముక్క వంటివి గాలిని పూర్తిగా ఆపవు. అవి పోర్టు ఊపును మందగింపజేసి, మూసిన పెట్టెకూ పోర్టు పెట్టెకూ మధ్యస్థమైన ఫలితమిస్తాయి. పోర్టులన్నీ మూస్తే అది మూసిన పెట్టె అవుతుంది. మంద్రం తగ్గినా తగ్గుదల నెమ్మదిగా సాగుతుంది, స్వరం బిగువుగా వినిపిస్తుంది. ఏ స్పీకర్ దేనికి నప్పుతుందో చెప్పే ఒక ఉజ్జాయింపు గుర్తుంది. స్పీకర్ వివరాల కాగితంలోని ఎఫ్ఎస్ విలువను అక్కడే ఉండే క్యూఈఎస్‌తో భాగిస్తే 50 లోపు వచ్చే స్పీకర్ మూసిన పెట్టెకు, 100 దాటేది పోర్టు పెట్టెకు అనువైనది. ఒక పోర్టు మూసి మరోటి వదిలినప్పుడు ఉన్నదాంట్లోంచే గాలంతా సగం వైశాల్యం గుండా పోవాలి కాబట్టి దాని వేగం పెరిగి బుస మొదలవుతుంది.

పొడిగించడం. వైశాల్యం తగ్గకుండానే ట్యూనింగ్ దిగుతుంది. అయితే పొడవాటి గొట్టం తన సొంత నాదాన్ని తెస్తుంది. పై ఉదాహరణలోని 19.4 సెంటీమీటర్ల గొట్టం సుమారు 640 హెర్ట్జ్ దగ్గర వేణువులా పలుకుతుంది, గొట్టం పెరిగేకొద్దీ ఆ నాదం మధ్యస్థాయిలోకి ఇంకా దిగి వాద్యం పలుకును కలుషితం చేస్తుంది. గొట్టం లోపలి కొసకూ వెనుక పలకకూ మధ్య కనీసం ఒక వ్యాసమంత ఎడం వదలాలన్నది వాడుకలోని నియమం. చోటు చాలకపోతే మోచేతి వంపు వేస్తారు.

కత్తిరించడం. ట్యూనింగ్ పైకి లేస్తుంది. దానికి పైనున్న 60, 80 హెర్ట్జ్ ప్రాంతంలో శబ్దం కొంత ఉబ్బి చిన్న వేదిక మీద ఊపుగా అనిపిస్తుంది. అదే సమయంలో ‘ఈ’ తీగ ట్యూనింగ్‌కు బాగా కిందికి పోయి కోన్‌కు రక్షణ లేకుండా పోతుంది.

వైశాల్యం పెంచడం. బుస తగ్గించడానికి చేస్తారు. గాలి వేగం ధ్వని వేగంలో 5 శాతం, అంటే సెకనుకు సుమారు 17 మీటర్లు దాటకూడదని ఇళ్లలో వినే స్పీకర్లకు చెబుతారు. గిటారు తీగల గీరుడు, డ్రమ్ముల మోత మధ్య బేస్ పెట్టెలకు కొంత వెసులుబాటుంది. వైశాల్యం రెట్టింపు చేస్తే అదే ట్యూనింగ్‌కు గొట్టం సాధారణంగా రెట్టింపు కంటే ఎక్కువ పొడవు కావాలి. చిన్న పెట్టెల్లో మంచి పోర్టు ఇమడకపోవడానికి ఇదే అడ్డంకి.

అంచులు గుండ్రం చేయడం. ట్యూనింగ్‌ను దాదాపు కదపకుండా మేలుచేసే మార్పు ఇది. పదునైన అంచు దగ్గర గాలి సుడులు తిరిగి బుస పుడుతుంది. బయటి, లోపలి అంచులు రెండూ బాకా నోరులా విచ్చుకున్న గొట్టాలు బజారులో దొరుకుతాయి. చెక్క పోర్టు అయితే రౌటర్‌తో అంచు గుండ్రం చేస్తారు. ఎక్కువ శబ్దంలో పోర్టు తన వంతు అందించలేక చతికిలబడే లోపమూ దీనితో కొంత తగ్గుతుంది.

కోన్ కదలిక, స్పీకర్ భద్రత

ఒకే బిగ్గరతనానికి పౌనఃపున్యం ఒక సప్తకం దిగితే కోన్ నాలుగు రెట్లు కదలాలి. స్పీకర్ మీద రాసి ఉన్న వాట్లు తీగచుట్ట ఎంత వేడిని తట్టుకుంటుందో చెబుతాయి, కోన్ ఎంత దూరం కదలగలదో చెప్పవు. ట్యూనింగ్ 52 ఉన్న పెట్టెలో 31 హెర్ట్జ్ బీ తీగను గట్టిగా మీటితే రాసిన వాట్లలో చిన్న భాగానికే కోన్ హద్దు దాటవచ్చు. ముందు స్వరం బొంగురుపోతుంది, తర్వాత తీగచుట్ట అంచు అయస్కాంతం వెనుక పలకకు తగిలి టపటపమంటుంది.

ట్యూనింగ్ దించితే ఈ ప్రమాదం కిందికి జరుగుతుంది గాని ఊరికే జరగదు. ఇదివరకు పోర్టు సాయం అందిన 50 హెర్ట్జ్ చుట్టూ ఇప్పుడు కోనే ఎక్కువ కదలాలి. పోర్టు మార్చిన ప్రతిచోటా ఏదో ఒక స్వరానికి దక్కిన మేలు మరో స్వరం నుంచి తీసుకున్నదే అవుతుంది. అందుకే అనుభవజ్ఞులు పోర్టు మార్పుతోపాటు, చాలాసార్లు దానికి బదులుగా, 30 నుంచి 40 హెర్ట్జ్ కింద సంకేతాన్ని కోసేసే హై-పాస్ ఫిల్టర్ వాడమంటారు. వినిపించే స్వరంలో పెద్దగా తేడా లేకుండానే కోన్ వృథా ఊపు ఆగుతుంది.

కొలిచే పద్ధతులు

చెవి ఒక్కదాన్నే నమ్ముకుంటే గది చేసే మార్పునూ పెట్టె చేసే మార్పునూ విడదీయలేం. తేలికైన పరీక్ష చూపుతో చేసేది: ఫోనులోని సైన్ తరంగ యాప్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపి, తక్కువ శబ్దంతో 80 నుంచి 25 హెర్ట్జ్ దాకా మెల్లగా దిగుతూ కోన్‌ను గమనించాలి. కదలిక అన్నిటికంటే తక్కువైన చోటే ట్యూనింగ్. సరిగ్గా అక్కడే పోర్టు దగ్గర చెయ్యి పెడితే గాలి తాకిడి బలంగా తెలుస్తుంది.

ఇంకా కచ్చితంగా కావాలంటే ఇంపీడెన్స్ కొలవాలి. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌కూ పెట్టెకూ మధ్య 1,000 ఓంల రెసిస్టర్‌ను వరుసలో కలిపి, 10 వోల్టుల సైన్ తరంగం పంపి, స్పీకర్ కొసల మధ్య మల్టీమీటర్‌తో ఏసీ మిల్లీవోల్టులు చదువుతారు. సుమారు 10 మిల్లీవోల్టులకు ఒక ఓం లెక్క. పౌనఃపున్యం తగ్గిస్తూ పోతే అంకె ఒకసారి ఎగసి, పడి, మళ్లీ ఎగసి పడుతుంది. రెండు గుట్టల మధ్య పల్లమే ట్యూనింగ్. 8 ఓంల స్పీకర్ ఒక్కటే ఉన్న పెట్టెలో పల్లం 60, 70 మిల్లీవోల్టుల దగ్గర కనిపిస్తుంది. వాల్వు ఆంప్లిఫయర్‌తో ఈ పరీక్ష చేయరాదు. తగిన లోడు లేకుండా నడిస్తే దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినవచ్చు.

విన్‌ఐఎస్‌డీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ స్పీకర్ కొలతలు, పెట్టె కొలతలు ఇస్తే శబ్ద రేఖనూ, కోన్ కదలికనూ, పోర్టు గాలి వేగాన్నీ రంపం పట్టకముందే చూపిస్తుంది.

సామగ్రి, పనితనం

భారతదేశంలో గొట్టాలకు ప్లంబింగ్ దుకాణాల పీవీసీ పైపులే వాడతారు. 75, 90, 110 మిల్లీమీటర్ల పైపులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఈ అంకెలు బయటి వ్యాసానివి. గోడ మందం తీసేస్తే వచ్చే లోపలి వ్యాసాన్నే లెక్కలో వాడాలి. చర్చి సంగీత బృందాల్లోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ బేస్ గిటారు మామూలైన తెలుగు పట్టణాల్లో డీజే బాక్సులు కట్టే వడ్రంగులే ఈ పనీ చేస్తుంటారు. డీజే బాక్సు కొలతలను బేస్ గిటారు పెట్టెకు యథాతథంగా దించడం సరికాదు. వాటిలోని స్పీకర్లు, కోరుకునే మంద్రం వేరు.

కోతకు ముందు అట్టను గొట్టంలా చుట్టి, ఉన్న పోర్టులో బిగుతుగా దూర్చి కావలసిన పొడవుకు జరిపి చూస్తారు. సరిపడిందనుకున్నాకే పైపు కోస్తారు. లెక్క కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి, కొలుస్తూ తగ్గించుకుంటూ రావడం మంచి పద్ధతి. గొట్టం చుట్టూ సందు లేకుండా సీలెంటు పట్టించాలి. లోపలి దూది గాని నురుగు గాని గొట్టం నోటికి అడ్డం రాకూడదు. జాక్ పలక, పిడులు, స్పీకర్ అంచు దగ్గర గాలి కారుతుంటే పోర్టు ఎంత బాగున్నా ఫలితముండదు. సైన్ తరంగం నడుస్తుండగా తడి వేలితో అంచుల వెంట తడిమితే కారుడు తెలిసిపోతుంది.

ప్రత్యామ్నాయాలు

ఆంప్లిఫయర్ మీద స్వర సవరణ, పెట్టెను మూల నుంచి జరపడం, హై-పాస్ ఫిల్టర్, అదే పెట్టెకు జతగా రెండోది చేర్చడం అనే నాలుగూ పోర్టు ముట్టకుండా చేయగలిగినవి. ఒకే రకం పెట్టె రెండోది కలిపితే గాలిని కదిపే కోన్ వైశాల్యం రెట్టింపవుతుంది. ఏ పోర్టు మార్పూ అంత లాభమివ్వదు. పోర్టు స్థానంలో పాసివ్ రేడియేటర్ అనే మోటారు లేని కోన్ బిగించే పద్ధతీ ఉంది. దానితో బుస, గొట్టపు నాదం రెండూ పోతాయి, ఖర్చు మాత్రం పెరుగుతుంది. కంపెనీ పెట్టెల్లో పోర్టును కోస్తే వారంటీ, మళ్లీ అమ్మితే వచ్చే ధర రెండూ పోయే అవకాశముంది. అందువల్ల పోర్టు మార్పు స్పీకర్ మార్చిన పాత పెట్టెలకు, సొంతంగా కట్టుకున్న పెట్టెలకు తగిన పని. సరిగా పనిచేస్తున్న కంపెనీ పెట్టెకు పోర్టు మూసి చూడటం వరకే మేలు.